అరవై నాలుగో నంబరు మీద ఫిర్యాదు

విమానం కూలిన నాలుగో రోజు విచారణ రిపోర్టు చిత్తుప్రతి నా టేబుల్ మీదకొచ్చింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆ శిక్షణ స్థావరంలో నేను టైపిస్టుని. చనిపోయిన ముగ్గురిలో శిక్షణ పైలట్ నా తమ్ముడు. మిగతా ఇద్దరూ వాడి శిక్షకుడు, రేడియో ఆపరేటరు. “ఇంజన్లలో లోపం లేదు. తప్పు శిక్షణ పైలట్‌ది” అని రాశారు. అరికాలి మంట నెత్తికెక్కింది.

కూలడానికి ముందురోజు శిక్షకుడు చెబుతుంటే ఫిర్యాదు టైపు చేసింది నేనే. అరవై నాలుగో నంబరు విమానం, ఎడమ ఇంజను ఆగి ఆగి తిరుగుతోంది, బాగుచేసేదాకా ఎగరనివ్వద్దు. ఆయన తొందరలో చదవకుండానే సంతకం పెట్టాడు. మర్నాడు కూలింది ఆ అరవై నాలుగే. ఫైలు తీస్తే ఫిర్యాదు కాపీతో సహా మాయం. కాగితాలకు కాళ్లొస్తాయా? అందుకున్నట్టు రిజిస్టరులో హెడ్ మెకానిక్ సంతకం మాత్రం ఉంది.

ఆయన మీద అనుమానం ఊరికే పుట్టలేదు. మూడు రోజులుగా నన్ను చూస్తే ముఖం చాటేస్తున్నాడు. తమ్ముడి పెట్టె సర్దడానికి సాయమొచ్చి నాకంటే ఎక్కువ ఏడ్చాడు. అంత ఏడుపు ఎందుకో!

మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను.

“బాబాయ్, ఆ ఫిర్యాదు ఏదీ?”

ఆయన స్పానర్లు తుడుస్తూనే ఉన్నాడు. “ఇప్పుడదెందుకమ్మా?”

“తన కొడుకే ఇద్దర్ని చంపాడని మా అమ్మ చదవాలా? మీ ఉద్యోగం కోసం వాణ్ణి దోషిని చేస్తారా?”

“నా ఉద్యోగం కాదే తల్లీ.” జేబులోంచి మడిచిన కాగితం తీశాడు కానీ ఇవ్వలేదు. “వాడెలాగూ పోయాడు. నువ్వైనా...”

లాక్కున్నాను. నేను టైపు చేసిందే. నలభై ఆరో నంబరు విమానం, ఎడమ ఇంజను.

“నలభై ఆరుని మొత్తం విప్పి చూశాం. ఏమీ లేదు. శిక్షకుడు వచ్చి ‘చూశారా?’ అంటే, ‘చూశాం, బాగానే ఉంది’ అన్నాను. ఏ నంబరని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.”

ఆరునీ నాలుగునీ తారుమారు చేసింది నా వేళ్లే. స్పానర్ల పెట్టె మీద కూలబడ్డాను.

“ఇటివ్వు, కాల్చేస్తా. మూడో కంటికి తెలీదు,” అన్నాడు.

ఇచ్చెయ్యాలనిపించింది. అబద్ధమెందుకు, చాలాసేపు అనిపించింది.

ఆఫీసుకొచ్చి కొత్త కాగితం ఎక్కించాను. తప్పు ఎవరిదో చెప్పే వాక్యం దగ్గర ‘శిక్షణ పైలట్’ అన్న మాట వదిలేసి నా పేరు టైపు చేశాను. ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ చేశాను.