కిటికీ పక్క పీట

ఆమె పీట మీద ఇంకొకరు కూర్చుని ఉన్నారు.

గొడుగుల కార్ఖానాలో ఆడవాళ్ళందరూ వరసగా పొట్టి పీటల మీద కూర్చుని పని చేస్తారు. కిటికీ పక్క పీట ఆమెది. వెలుతురు సరిగ్గా పడేది అక్కడే. ఐదేళ్ళుగా అక్కడే కూర్చుని నల్లగుడ్డను ఇనప ఊచల కొసలకు లాగి కుడుతోంది. డజనుకింత అని కూలి. ఇప్పుడు అక్కడ ఎవరో కొత్తమ్మాయి తలవంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

గుమ్మంలో నిలబడిపోయిన ఆమె బట్టల నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి.

"గొడుగులు కుట్టేదానివి, నువ్వే తడిసొచ్చావేంటే?" అంది పక్క పీట మీది పొడుగావిడ. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇంట్లో ఉన్నది ఒకటే గొడుగు. దాన్ని భర్త తీసుకెళ్ళాడు. ఆమె మేస్త్రీ వైపు చూసింది.

అతను తల కూడా ఎత్తలేదు. "మళ్ళీ ఎందుకొచ్చావమ్మా? మానేశావుగా."

"ఎవరు చెప్పారు?"

"మీ ఆయనే. నిన్న నువ్వెళ్ళాక వచ్చాడు. రేపట్నించి మా ఆవిడ రాదని చెప్పి వెళ్ళాడు."

"నేను చెప్పలేదు కదా."

"నువ్వు చెప్తే ఏంటి, ఆయన చెప్తే ఏంటి? వానాకాలం, ఊపిరి తిరగని పని. పీట ఖాళీగా పెట్టుకుని నీ దారి చూస్తూ కూర్చోమంటావా? మీ ఇంటి గొడవ మీ ఇంట్లో తేల్చుకో, పో."

"నిలబడిపోయావేంటే పిచ్చిదానా!" అంది పొడుగావిడ. "మొగుడు గోదాంలో సూపర్‌వైజరయ్యాడు, కాలు మీద కాలేసుకుని కూర్చోక! మా ఆయన నోట్లోంచి ఆ మాట ఒక్కసారి వస్తే నేను ఎగిరి గంతేస్తాను. పోనీలే, ఇంక గొప్పింటి దానివి, బజార్లో కనిపిస్తే మమ్మల్నేం పలకరిస్తావు!"

ఆమె చూపు కొత్తమ్మాయి వేలికున్న తొడుగు మీద ఆగింది. సూది దిగకుండా వేసుకునే తోలు తొడుగు అది. ఆ సన్నటి వేలికి వదులై జారిపోతోంది.

"అది నాది," అంది.

"ఇక్కడున్నదంతా కార్ఖానాదే," అన్నాడు మేస్త్రీ.

"నా పాత చెప్పు కోసి కుట్టుకున్నాను. నా చెప్పు కూడా కార్ఖానాదేనా?"

మళ్ళీ ఎవరో నవ్వారు. ఈసారి నవ్వింది ఆమెను చూసి కాదు. కొత్తమ్మాయి గబగబా తొడుగు తీసి ఇచ్చేసింది. "నాకు తెలీదక్కా," అంది నెమ్మదిగా.

వానలోనే అటూ ఇటూ తిరిగి, మధ్యాహ్నానికి ఇంటిదారి పట్టింది. నెల రోజులుగా ఆమే పని మానేద్దామా అనుకుంటోంది. కుడి భుజం నొప్పి రాత్రుళ్ళు నిద్ర పోనివ్వడం లేదు. బడి వదిలే వేళకు తనే వెళ్ళి కూతురి చెయ్యి పట్టుకుని నడిపించుకు రావాలని ఉంది. ఆలోచన ఇంకా తేలలేదు. తేలేలోపే దాన్ని ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టయింది.

ఐదేళ్ళ కిందట కూతురికి నాలుగో నెల. అప్పుడు ఆమె ఇంట్లోనే ఉంటానంది. భర్తకు పని పోయిన రోజులవి. "డబ్బా పాలు తాగి పెరిగిన పిల్లలు లేరా?" అంది అత్త. భర్త వచ్చి ఈ మేస్త్రీతోనే మాట్లాడి, ఈ పీటే ఖాయం చేసి వెళ్ళాడు. మొదటి వారమంతా పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతుంటే, గొడుగు గుడ్డ ఒళ్ళోకి లాక్కుని కుట్టింది. పాప మొదట అమ్మా అని పిలిచింది నాయనమ్మని. ఇంట్లో అందరూ అది చెప్పుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

కూర్చోబెట్టినవాడూ ఆయనే, లేపేసినవాడూ ఆయనే.

ఇంటికి చేరేసరికి భర్త భోజనానికి వచ్చి ఉన్నాడు. గడప పక్కన గొడుగు ఆనించి ఉంది. గాలికి ఒక ఊచ దగ్గర కుట్టు తెగి, గుడ్డ వేలాడుతోంది.

"వెళ్ళొచ్చావా?" అన్నాడు, అన్నం కలుపుకుంటూ. "పొద్దున చెబుదామంటే హడావిడిలో కుదర్లేదు."

"రాత్రంతా ఇంట్లోనే ఉన్నారుగా."

"ఇప్పుడేమైందని? గోదాం గుమాస్తా నలుగురిలో అడిగాడు, సూపర్‌వైజరు పెళ్ళాం ఇంకా గొడుగులు కుడుతోందా అని. నాకెంత నామోషీ! అయినా భుజం నొప్పన్నది నువ్వేగా. నీ మంచికే చేశాను."

"భుజం నొప్పని చెప్పాను. మానేస్తానని చెప్పలేదు."

"ఆ రెండిటికీ పెద్ద తేడా ఉందిలే!"

"నీడపట్టున కూర్చోబెట్టి తిండి పెడతానంటే ఈ ఏడుపేంటమ్మా?" అత్త మంచం మీంచి అందుకుంది. "నా మోకాళ్ళు పడిపోయాయి. ఇన్నాళ్ళూ నీ పిల్లని పెంచింది నేను. ఇప్పుడు నన్ను చూడ్డానికి నీకు ఒళ్ళు బరువైందా?"

"మిమ్మల్ని చూడనని అనలేదత్తయ్యా. ఉంటానో వెళ్తానో నాకే ఇంకా తెలీదు. నేనే తేల్చుకుంటాను. మానేయాలనుకుంటే నేనే వెళ్ళి చెప్తాను." భర్త వైపు తిరిగింది. "రేపు మీరు మేస్త్రీ దగ్గరికెళ్ళి, మా ఆవిడ ఆ మాట అనలేదు, నేనే అన్నానని చెప్పండి."

"నేనా? ఆ మేస్త్రీ ముందు నిలబడి?" కంచంలోనే చెయ్యి కడిగేశాడు. "నీకు మతి పోయింది. ఈ ఇంట్లో ఉండాలంటే నోరు మూసుకుని ఉండు."

ఆమె తడిబట్టలతోనే గోడకు ఆనుకుని కూర్చుంది.

అతను చొక్కా సర్దుకుని గొడుగు తెరిచాడు. గుడ్డ జారి, ఊచ బయటికి పొడుచుకొచ్చింది. బయట వాన జోరందుకుంది. గొడుగు ఆమె ముందుకు చాపాడు. "కుట్టు. టైమవుతోంది."

తోలు తొడుగు ఆమె గుప్పిట్లోనే ఉంది.

"నేను పని మానేశానంటగా," అంది.

అత్త మంచం మీద లేచి కూర్చుంది. అతను గొడుగు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తెగిన గుడ్డ చివర నుంచి నీళ్ళు ఒక్కొక్క బొట్టే ఇద్దరి మధ్యా నేల మీద పడుతున్నాయి.