కొరికి వెళ్ళిన రొట్టె

ఎర్గాష్ వంటింటి కిటికీ అద్దం తుడుస్తున్నాడు. పాత బనియను గుడ్డతో పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి. పాతికేళ్ళు రైలింజను అద్దాన్ని అలాగే తుడిచిన చెయ్యి అది. సెలవు మీద ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి ఈ కిటికీకి ఆ యోగం పట్టింది. అద్దం మీద మచ్చ లేదు. అయినా ఆపడు.

"అద్దం అరిగి చిల్లు పడుతుందండీ, వదిలేయండి ఇక," అంది భార్య మవ్లూదా, పెరట్లో తందూరు నుంచి వేడి రొట్టెలు తెస్తూ.

మొన్న పుచ్చకాయల కాలంలో ఒక రైతు, భుజాన కాయతో, ఎర్గాష్ నడిపే రైలు ముందు పట్టాలు దాటబోయాడు. ఇతను కూత వేశాడు, బ్రేకు లాగాడు. అంత బరువు బండి ఆగుతుందా? ఆ మనిషి తల తిప్పి సూటిగా ఇతని కళ్ళలోకి చూశాడు. అంతే.

నీ తప్పేం లేదన్నారు అందరూ. నిజమే. తప్పు లేనివాడికి నిద్రెందుకు పట్టదో మాత్రం ఎవరూ చెప్పలేదు. డాక్టరు సెలవు రాసిచ్చాడు.

వాళ్ళలో ఒక ఆచారముంది: ప్రయాణమయ్యేవాడు కొత్త రొట్టెను ఒక్క కొరుకు కొరికి ఇంట్లో వదిలి వెళ్ళాలి. తిరిగొచ్చి మిగతాది తినాలి. రొట్టె బాకీ ఉంటే మనిషి వచ్చి తీరతాడని నమ్మకం. ప్రమాదం జరిగిన రోజు ఎర్గాష్ కొరికి వెళ్ళినది గోడ మేకుకు ఇంకా వేలాడుతూనే ఉంది. రైలు తోలుకుంటూ వెళ్ళినవాణ్ణి జీపులో తెచ్చి దింపారు. "నా ప్రయాణం ఇంకా అవలేదు," అంటాడు. దాన్ని ముట్టడు.

ఇవాళ మళ్ళీ డ్యూటీ.

మవ్లూదా ఆ పాత రొట్టెను దించి తెచ్చింది. "ముందు ఇది తినండి. పాతది మిగలగా కొత్తది కొరకడమేంటి, అశుభం కాదూ!"

చిన్న ముక్క విరిచి టీలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఊరి చివర గూడ్సు బండి కూసింది. టీ కూజా పిడి మీద ఉన్న అతని చెయ్యి బ్రేకు లాగినట్టు బిగిసిపోయింది. టీ, తిండికి పరిచిన గుడ్డంతా పారింది. నోట్లో ముక్కను అరచేతిలోకి తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

మవ్లూదా కూజాను అతని చేతిలోంచి తీసుకుంది. "ఇంకో నెల అడుగుదామండీ. కావాలంటే మీ ఆఫీసరు కాళ్ళు నేను పట్టుకుంటాను."

"ఇవాళ ఎక్కకపోతే ఇక జన్మలో ఎక్కలేను."

వాకిట్లోంచి తోటి డ్రైవరు హైదర్ కేకేశాడు. "అన్నా! పెళ్ళికొడుకు ముస్తాబు అయిందా లేదా? ఇంజను అలిగి కూర్చుంది!"

ఎర్గాష్ నవ్వబోయాడు, పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు. కొత్త రొట్టెను పిచ్చుక పొడిచినంత కొరికాడు. టోపీ పెట్టుకున్నాడు.

"వచ్చాక రెండూ తినాలి," అంది ఆమె.

అతను తలూపాడు. తలుపు మెల్లగా మూసుకుంది.

మవ్లూదా కొత్త రొట్టెను పాతదానితో కలిపి అదే మేకుకు తగిలించింది. ఒకటి రాయిలా ఎండిపోయింది, ఒకటి ఇంకా వేడిగా ఉంది. రెంటి మీదా అవే పళ్ళ గుర్తులు.