తల్లి లేని సీను

ఇసుక మీద ఆరబోసిన నెత్తళ్ళ చేపలు ఒక పక్క ఎండాయి, రెండో పక్కకు తిప్పాలి. నవోమి ఆ పనిలో ఉండగా మరిది క్రీస్తుదాసు సినిమా కంపెనీ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

"వదినా, మన షారన్‌ని సినిమాలో వేస్తారంట. వేలిముద్ర వెయ్యి."

భర్త పోయాక, యాభై రెండో ఏట, చర్చి వరండాలో కూతురు షారన్ పక్కన కూర్చుని నవోమి కూడా అక్షరాలు నేర్చుకుంది. అది తెలిసీ మరిది ఇంకు ప్యాడే తెచ్చాడు.

"చదవనీ," అంది.

కథా ఒప్పందమూ ఉన్న కాగితాన్ని కూడబలుక్కుంటూ చదివింది. షారన్‌ది హీరో చెల్లెలి వేషం. షారన్‌కున్నట్టే ఆ పిల్లకూ పుట్టుకతో డౌన్ సిండ్రోమ్. ఎప్పుడూ నవ్వుతుంటుంది. ఎండు చేపల్ని సముద్రంలో వదిలి, వాటి వెనకే వెళ్ళి మునిగి చనిపోతుంది. అప్పుడు హీరో మంచివాడవుతాడు. తల్లి కోసం కాగితం వెనక్కి తిప్పి చూసింది. కాన్పులోనే పోయిందట. చెల్లెల్ని అన్నే పెంచాడట.

పాలు మింగడం చేతకాని బిడ్డకు ఆరు నెలలు చెంచాతో చుక్క చుక్క పోసిందెవరు? గుండెలో రంధ్రమంటే చంకనేసుకుని నెల్లూరు బస్సుల్లో తిరిగిందెవరు? "నీ పాపమే ఇట్ట పుట్టింది," అన్న అత్తకు అన్నం వండుతూనే నవోమి అవన్నీ చేసింది. "పెళ్ళికి దాన్ని తేబాక, నలుగురూ చూస్తారు," అనేవాడు భర్త. ఆ నలుగురూ తన బిడ్డను తెర మీద చూడాలని ఇప్పుడు ఎంత ఆశగా ఉంది! కానీ ఎప్పుడూ నవ్వే ఆ పిల్ల ఎవరు? ఇరవై ఎనిమిదేళ్ళ షారన్, తనను పాపా అన్నందుకు మొన్ననే టీకొట్టులో గ్లాసు విసిరేసింది.

ఇంతలో సినిమా మనిషి షారన్ చేతిలో గుప్పెడు నెత్తళ్ళు పోశాడు. "నీళ్ళలో వదులు పాపా. ఈదండి, ఈదండి అను."

షారన్ ఒకదాన్ని గిల్లి చూసింది. "ఇంకా ఎండలా," అని ఇసుక మీదకే వేసేసింది. "చచ్చిన చేప ఈదతాదా? నీకు బుర్ర లేదా అన్నా?"

చేపలు తిప్పే ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

"దానికేం తెలుసు," అన్నాడు క్రీస్తుదాసు. "నువ్వు వెయ్యి వదినా, వేలిముద్ర."

వద్దని చెప్పబోయి నవోమి ఆగిపోయింది. బువ్వకూ బట్టకూ చదువుకూ ఇన్నేళ్ళూ ఆ పిల్ల తరఫున తనే అవుననీ కాదనీ చెబుతూ వచ్చింది. ఒక్కసారైనా దాన్ని అడిగిందా?

షారన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని కాగితమంతా చదివి వినిపించింది. చావు కూడా.

షారన్ మొహం ముడుచుకుంది. "నేను చస్తే నెత్తళ్ళు ఎవురు తిప్పతారు?" అంది. కాగితం మీద వేలు పెట్టి, "అమ్మ ఏదీ ఇందులో?" అంది. సినిమా మనిషి జేబులోని పెన్ను లాక్కుని, వేలిముద్ర వేయాల్సిన చోట పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

షారన్ చావదు. అమ్మ ఉంది.

నవోమి కాగితం అతని చేతికిచ్చింది.

"షారన్ రాసిన ఈ సినిమా తీసేటప్పుడు చెప్పండయ్యా. ఇద్దరం వస్తాం."