ఆ మాట అన్నదెవరు

"నువ్వు ఏడాదంతా చెప్పేది నేనైతే పది నిమిషాల్లో చెప్పేస్తాను," అన్నాడు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. "ఎవరి మాట వాళ్ళ పేరు మీద రాయండర్రా అంటే అయిపోయింది. దానికో క్లాసు, దానికో మేడమ్."

కాలరు తిప్పి రెండో వైపు ఇస్త్రీ చేశాను. ఈ మాట అనడం ఆయనకి కొత్త కాదు, వినడం నాకూ కొత్త కాదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు నన్ను చూపించి "మా ఆవిడ కామాలు, ఫుల్‌స్టాపులు అమ్ముకుని బతుకుతుంది" అంటాడు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వి లోపలికెళ్ళి టీ పెడతాను. నవ్వకపోతే "జోకు కూడా అర్థం కాదు" అనిపించుకోవాలి, అదో తలనొప్పి.

మా ఆయన యూనివర్సిటీలో ప్రొఫెసరు. నేను అదే యూనివర్సిటీ లైబ్రరీలో, కింది అంతస్తులో, జిరాక్సు గదికీ బాత్రూములకీ మధ్య ఉన్న గదిలో కాంట్రాక్టు ఉద్యోగిని. తలుపు మీద స్టడీ స్కిల్స్ సెల్ అని బోర్డు ఉంటుంది. నోట్సు ఎలా రాసుకోవాలి, లావుపాటి పుస్తకంలోంచి మనకి కావలసింది ఎలా వెతుక్కోవాలి, ఇంకొకరి మాట వాడుకుంటే అది వాళ్ళదని ఎలా చెప్పాలి, ఇంటిపేరు ముందా ఒంటిపేరు ముందా, ఏడాది పక్కన చుక్క పెట్టాలా వద్దా, ఇవన్నీ చెబుతాను. పిల్లలు నాకు చుక్కల మేడమ్ అని పేరు పెట్టారు. దానికి నాకు కోపం లేదు. వాళ్ళకి పాఠం చెప్పినందుకు జీతమైనా వస్తుంది. కోపం వచ్చేది పెద్దవాళ్ళ మీద. ఏ ప్రొఫెసరు పుస్తకం వేస్తున్నా రెఫరెన్సుల పట్టిక ఉండే చివరి పేజీలు నా బల్ల మీదకొచ్చి పడతాయి. "కాస్త చూసి పెట్టమ్మా, నీకు అలవాటేగా" అంటారు. అలవాటైన పనికి కూలి ఇవ్వక్కర్లేదని ఎవరు చెప్పారో గానీ, ఇంట్లోనూ బయటా అందరికీ ఆ ఒక్క పాఠం మాత్రం కంఠతా వచ్చు.

ఆ రోజు మొదటి క్లాసు అయ్యాక ఒక పిల్ల వచ్చింది. ఎం.ఏ. రెండో ఏడు. నిరుడు నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుని ప్రశ్నలతో నా ప్రాణం తోడేసిన పిల్ల. "ఒక పుస్తకంలో ఇంకో పుస్తకం మాట ఉంటే దేన్ని నమ్మాలి మేడమ్?" అని అడిగితే, "ఆ మాట మొదట పుట్టిన చోటిదాకా వెళ్ళు, మధ్యలో ఆగకు" అని చెప్పాను. అప్పుడు చకచకా రాసుకున్న ఆ పిల్ల ఇప్పుడు మొహం పీక్కుపోయి, చేతిలో కాగితాలు నలిపేస్తూ నిలబడింది.

"మేడమ్, నన్ను రేపు కమిటీకి రమ్మన్నారు. కాపీ కొట్టానట."

కాగితాలు తీసుకుని చూశాను. తను రాసిన వ్యాసం. కాపీ పట్టే సాఫ్ట్‌వేరు మూడు పేజీల నిండా ఎరుపు పూసింది. ఎక్కడినుంచి కాపీ కొట్టిందని ఉందో చూస్తే, అది మా ఆయన పుస్తకం. పక్కన ఆయన చేతిరాత. 'నా గ్రంథం నుంచి ఎత్తినది. ఇచ్చిన మూలం కల్పితం.'

"సార్ పుస్తకం నేను తెరిచి కూడా చూడలేదు మేడమ్," అంది. "కింద పాత థీసిసులు పడేసిన గదిలో ఒకటి దొరికింది. ఎర్ర అట్టది. మీరు చెప్పినట్టే చేత్తో రాసుకున్నాను, పేజీ నంబర్లతో సహా. ఇప్పుడు చూపిద్దామని వెళితే అక్కడ లేదు. కంప్యూటర్లో అలాంటి థీసిసే లేదంటున్నారు. లేనిదాన్ని నేనెలా పుట్టిస్తాను? అంత తెలివే ఉంటే వ్యాసమంతా నేనే రాసుకునేదాన్ని కదా."

చివరి పేజీ తిప్పాను. అక్కడ నా పేరుంది. పెళ్ళికి ముందు నాకున్న ఇంటిపేరు, పక్కన కామా, బ్రాకెట్లో సంవత్సరం, వాలు అక్షరాల్లో నా ఎం.ఫిల్ థీసిస్ పేరు. అలవాటు చొప్పున నా కళ్ళు ముందు చుక్కలే వెతికాయి. ఒక్కటీ తప్పు పోలేదు. ఇళ్ళల్లోకి కొళాయిలు రాకముందు ఆడవాళ్ళు నీళ్ళు ఎలా మోశారు, వచ్చాక వాళ్ళ పని ఏమైంది అని వీధివీధీ తిరిగి రాసిన థీసిస్ అది. రాసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళకి మొదటిసారి నా పేరు ఒక పట్టికలోకి ఎక్కింది. ఎక్కించిన పాపానికి ఈ పిల్ల ముద్దాయి అయింది.

"ఈవిడ ఎవరో మీకేమైనా తెలుసా మేడమ్? ఆవిడ వచ్చి ఒక్క మాట చెబితే చాలు. లేకపోతే నా ఏడాది పోతుంది. స్కాలర్‌షిప్ పోతుంది. ఇంట్లో మళ్ళీ పంపరు."

నేనే అని నోటిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. నేనే అంటే దాని వెనక ఇంకా ఎన్ని చెప్పాలో ఒక్కసారిగా కళ్ళముందు కనబడి భయం వేసింది. "కమిటీ రేపే కదా. నేనూ వస్తాను. ముందెళ్ళి ఏదైనా తిను," అన్నాను. నేను ఎలాగూ వెళ్ళాలి. ఇలాంటి కేసు ఏది వచ్చినా నన్ను పిలుస్తారు. 'ఈ విద్యార్థికి మీరు రెఫరెన్సులు రాయడం నేర్పారా, లేదా?' అని ఒక్క ప్రశ్న అడుగుతారు. నేర్పాను అంటే తెలిసి చేసిన తప్పు, లేదంటే తెలియక చేసిన తప్పు. నాకు కుర్చీ కూడా వెయ్యరు.

నిజానికి ఎం.ఫిల్ తర్వాత పిహెచ్.డి. చేద్దామనుకున్నాను. "ఒకే ఇంట్లో రెండు డాక్టరేట్లు ఎందుకమ్మా, వంట ఎవరు చేస్తారు?" అంది అత్తయ్య. ఆవిడ వెటకారంగా కూడా అనలేదు, నిజంగానే అడిగింది. మా ఆయన మాత్రం ఉదారంగా, "నీ థీసిస్ ఊరికే పడి ఉంది కదా, ఓసారి చూస్తాను" అన్నాడు. చూశాడు. చూసి చూసి పుస్తకం రాశాడు. నాలుగో అధ్యాయం మొత్తం నాది. ఆ పుస్తకానికి చివరి పట్టిక తయారుచేసింది కూడా నేనే, వంటింటి బల్ల మీద, కూరగాయలు పక్కకి నెట్టి. నా పేరు రావలసిన చోట రాసుకున్నాను. ప్రూఫుల్లో ఆయన ఆ వరుస కొట్టేశాడు. "అచ్చు కాని థీసిస్, అందులోనూ సొంత పెళ్ళానిది. పెరటి చెట్టు మందుకు పనికిరాదోయ్, జనం నవ్వుతారు," అన్నాడు. ముందుమాట చివర్లో మాత్రం 'ఓపికగా టీలు అందించిన నా శ్రీమతికి' అని రాశాడు. టీలు అందించిన మాట నిజమే. ఆ పుస్తకంలో నా పని నా పేరు మీద ఉన్న వాక్యం అదొక్కటే.

నా దగ్గరున్న కాపీ ఏమైందంటే, ఒకసారి అలమర సర్దుతూ అత్తయ్య పాత పేపర్లవాడికి వేసేసింది. "ఆ ఎర్ర అట్టది భలే తూగిందే," అని నాతోనే సంతోషంగా చెప్పింది. లైబ్రరీలో ఇంకోటి ఉందిలే అని ఊరుకున్నాను.

సాయంత్రం ఆయన హాల్లో పేపరు చదువుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మామూలుగా ఆ టైములో నేను కూర్చోను.

"లైబ్రరీ కాపీ మీ దగ్గరుందా?"

పేపరు దించలేదు. "ఏ కాపీ? ఆ, అదా. నా రూములో ఉంది. చెదలు పడుతున్నాయని తెచ్చాను."

"ఎప్పుడు తెచ్చారు?"

"మొన్న."

మొన్న అంటే ఆ పిల్ల వ్యాసం దిద్దాక. చెదలు ఇన్నేళ్ళు ఆగి ఈ వారమే బయల్దేరాయన్నమాట.

"ఆ పిల్ల ఏడాది పోతుందండీ."

అప్పుడు దించాడు పేపరు. "ఎందుకు పోతుంది? నేనేమన్నా రాక్షసుణ్ణా? అంతా ఆలోచించే ఉంచాను. రేపు నిన్ను అడుగుతారుగా, నేర్పావా అని. ఆ పాఠం సరిగ్గా చెప్పడం కుదరలేదు అని చెప్పు. తెలియక చేసిందని హెచ్చరించి వదిలేస్తారు. పిల్ల బతికిపోతుంది. గొడవ ఉండదు."

"మరి నా కాంట్రాక్టు?"

"ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. అదేమన్నా ఉద్యోగమా? హాయిగా ఇంట్లో ఉందువుగాని."

లోపలి గదిలో టీవీ సౌండు తగ్గింది. "ఇంటి గుట్టు లంకకు చేటమ్మా," అంది అత్తయ్య అక్కణ్ణుంచే. "వాడి పరువు బజారున పడితే తలెత్తుకోలేనిది నువ్వు కూడా."

తల ఎప్పుడు ఎత్తానని ఇప్పుడు దించుకోవడానికి అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయన చెప్పిన ఉపాయం నాకు కాసేపు బాగానే అనిపించింది. అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి. పామూ చావదు, కర్రా విరగదు, ఎవరి మీదా మచ్చ పడదు, నేను ఒక్కదాన్నే నా పని నాకు రాదని నలుగురి ముందూ ఒప్పుకుంటే చాలు. ఇంత సులువైన దారి ఉంటే ఇంట్లో వాళ్ళు ఇంకోటి ఎందుకు వెతుకుతారు? లేవబోయాను. లేస్తూ, ఇన్నేళ్ళూ ఆయనే అడుగుతాడని చూసి చూసి విసిగిన ప్రశ్న నేనే అడిగాను.

"మీ నాలుగో అధ్యాయం మొదట్లో కొళాయి గురించి ఒక మాట ఉంది చూడండి. ఆ మాట అన్నదెవరో మీకు తెలుసా?"

"నీ థీసిస్‌లోనే పేరు లేదుగా. పొడుగు వీధి గృహిణి అని రాశావు. ఎవరో ముసలమ్మ. ఏం, ఆవిడొచ్చి ఇప్పుడు కేసు పెడుతుందా?" అని నవ్వాడు.

మనస్ఫూర్తిగా నవ్వాడు. ఆ నవ్వు విని నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ఈ మనిషికి నేను ఇంక ఏమీ సర్దిపెట్టక్కర్లేదు అనిపించింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, మధ్యలో డీన్ గారు, ఆయన పక్కన ఫిర్యాదు చేసిన హోదాలో మా ఆయన. బల్ల మీద మా ఆయన పుస్తకం, పిల్ల వ్యాసం పక్కపక్కనే పెట్టారు. పిల్ల గోడ దగ్గర నిలబడింది. నేనూ వెళ్ళి తన పక్కనే నిలబడ్డాను.

"చుక్కల... క్షమించాలి, మేడమ్," అన్నాడు డీన్. "ఈ అమ్మాయికి రెఫరెన్సులు రాయడం నేర్పారా? అవునో కాదో చెబితే చాలు."

"నేర్పాను సార్. చాలా బాగా నేర్చుకుంది."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను ఆగలేదు. "ఆ చివరి పేజీలో ఉన్న పేరు కల్పితం కాదు. పెళ్ళికి ముందు నా పేరు అది. ఆ థీసిస్ నాది. లైబ్రరీ కాపీ మీ పక్కన కూర్చున్న సార్ గదిలో ఉంది. ఎవరినైనా పంపించి తెప్పించండి."

పిల్ల నా వైపు తిరిగి చూసింది. డీన్ మా ఆయన వైపు చూశాడు. ఆయన అప్పటికే నవ్వు మొహం పెట్టేశాడు, ఇంటికొచ్చినవాళ్ళ ముందు పెట్టేది. "ఇది మా ఇంటి విషయం సార్. అప్పట్లో ఇద్దరం కలిసి చేసిన పని. ఆడమనిషి కదా, కూర్చుని చేసే రాతకోతలు తనవి. వీధులు తిరిగి ఆ మనుషులందరితో మాట్లాడింది మాత్రం నేనే. నా పుస్తకంలో స్పష్టంగా రాశాను కూడా."

డీన్ గారికి ప్రాణం లేచొచ్చింది. "అదీ సంగతి. భార్యాభర్తల మధ్య నాదీ నీదీ ఏముంటుంది? ఇంటికెళ్ళి తేల్చుకోండి మేడమ్. అమ్మాయి సంగతి మేం చూస్తాం."

చూస్తారు. ఎలా చూస్తారో నాకు తెలుసు. బల్ల దగ్గరికి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా మా ఆయన పుస్తకం తీసుకుని నాలుగో అధ్యాయం తెరిచాను. పేజీ వెతుక్కోవలసిన పని లేదు, ప్రూఫులు దిద్దింది నేనే.

"ఇక్కడ చూడండి సార్. 'ఒక వృద్ధురాలు నాతో ఇలా అన్నారు' అని ఉంది. 'కొళాయి ఇంట్లోకొచ్చాక నడుంనొప్పి పోయింది, నిజమే. నా కష్టం వినే మనిషి కూడా పోయింది.' ఈ మాట ఈయనతో అన్నారట."

"అన్నారు," అన్నాడు మా ఆయన. "నాకు బాగా గుర్తు."

"అన్నది మా అమ్మ సార్," అన్నాను డీన్‌తో. "యాభై నిండకుండానే పోయింది, వృద్ధురాలు కాలేదు. ఈయన పెళ్ళిచూపులకని మా గడప మొదటిసారి తొక్కేనాటికి అమ్మ పోయి ఏడాది దాటింది."