రుమాలు కింద రెండు చేతులే

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా భార్గవికి ఆ పొద్దున కుదురు లేదు. ఒళ్లోని పుస్తకం తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. పక్కన కూర్చున్న పెద్దమ్మ చూసి చూసి చివరికి అడిగింది.

"పరీక్షనా బిడ్డా?"

"కాదమ్మా. నేనే పాఠం చెప్పేది ఉంది."

"మరి నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?"

భార్గవి పుస్తకం తీసి సంచిలో పెట్టేసింది.

వనపర్తిలో ఒక పీజీ కాలేజీలో ఆమె పరిశోధన చేస్తోంది. ఇన్నాళ్లూ గైడు బాలకిష్టయ్య సారు సెలవు పెట్టినప్పుడల్లా ఆయన క్లాసులు చెప్పింది, ఆయన దిద్దాల్సిన పేపర్లు దిద్దింది. ఈ ఏడు 'గ్రామీణ సంతలు' అనే పేపరు పూర్తిగా ఆమె చేతికొచ్చింది. పాఠం చెప్పేదీ ఆమే, మార్కులు వేసేదీ ఆమే. పైవాళ్లతో కొట్లాడినంత పని చేసి, తన పేపరునే వదులుకుని ఇప్పించింది సారే. చిక్కల్లా, ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకోలేదు. గంట కొట్టగానే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు.

పాపం, ఎక్కువ మాట్లాడడు. మాట్లాడే అవసరమూ లేదు. భార్గవి ఒక మాట చెబితే పిల్లల మెడలన్నీ వెనక్కి తిరుగుతాయి. సారు తల ఊపితేనే కలాలు కదులుతాయి. మొన్న పెబ్బేరు వినయ్ లేచి, "అక్కా, సంతల ఎడ్ల బేరం రుమాలు కింద వేళ్లు పట్టుకొని చేస్తరు గద. ఎవ్వరికీ కనవడని ధర, ఊరందరికీ ఎట్ల తెలుస్తది?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా వెనక నుంచి సారు చక్కని జవాబు చెప్పేశాడు. అందరూ రాసుకున్నారు. చాక్‌పీస్ పట్టుకుని పక్కన నిలబడ్డ భార్గవికి ఏడుపొక్కటే తక్కువ.

ఇలాగే సాగితే వచ్చే ఏడు పేపరు మళ్లీ సారుకే పోతుంది. తాను ఎప్పటికీ ఒకరి బదులు క్లాసు చెప్పే మనిషిగానే మిగిలిపోతుంది. రావద్దని చెబుదామా అంటే థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. దానికి తోడు ఆయన మంచివాడు. చెడ్డవాడైతే ఎప్పుడో చెప్పేసేది.

ఆ రోజూ సారు వచ్చి కూర్చున్నాడు. భార్గవి సంచిలోంచి ఒక పెద్ద రుమాలు తీసి వినయ్‌నీ పావనినీ ముందుకు పిలిచింది.

"వినయ్, నువ్వు ఎద్దు అమ్మేటోనివి. పావని కొంటది. నోరు తెరవొద్దు, వేళ్లతోనే బేరం."

రుమాలు కింద చేతులు కలిశాయి. పావని నవ్వు ఆపుకోలేకపోతోంది. చుట్టూ మూగినవాళ్లలో హరీష్ అంచు పట్టి ఎత్తబోతే వినయ్ వాడి చేతిని తోసేశాడు.

"తొంగి చూడొద్దురా. సంతల మా నాయినకు గూడ చూపియ్యరు."

సారుకు ఉత్సాహం ఆగలేదు. లేచి వచ్చి, "వేళ్లు గట్ల కాదమ్మా, గిట్ల" అంటూ రుమాలు కిందికి తన చేయి కూడా పెట్టాడు. హరీష్‌ను గదమాయించిన వినయ్ ఇప్పుడు నేల చూపులు చూశాడు.

"సార్," అంది భార్గవి. "రుమాలు కింద రెండు చేతులే ఉండాలె."

సారు నవ్వబోయి ఆగాడు.

"నా క్లాసు గూడ అంతే సార్. నాకు, వీళ్లకు మధ్యల కుదరాలె. మీరుంటే కుదురుత లేదు." ఆమె జారిన రుమాలు అంచు సర్దింది. "మీరు... ఇంక రాకుండ్రి సార్."

ఆయన చేయి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "గంట కొట్టినంక నా గదిల నాకు కూసోబుద్ధి కాదు భార్గవీ. వేరే ఏం లేదు," అన్నాడు. బెంచీ మీద గొడుగు తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి వెళ్లిపోయాడు.

భార్గవికి పెద్ద తప్పు చేసినట్టూ ఉంది, ఊపిరి ఆడినట్టూ ఉంది. చివరికి వినయే అన్నాడు.

"అక్కా, పావని నేను చెప్పిన ధరకే ఒప్పుకున్నది. ఎక్కువ చెప్పిన అని ఆమెకు తెల్వదు. మరి గిది బేరమా, మోసమా?"

ఈసారి ఒక్క మెడ కూడా వెనక్కి తిరగలేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు. భార్గవి కళ్లు మాత్రం ఎవరూ చెప్పకుండానే వెనక బెంచీ మీదికి పోయాయి. అక్కడ ఎవరూ లేరు. ఇన్నాళ్లూ అందరికంటే ముందు అటు చూసింది తానేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

"నాకూ తెల్వదు," అంది చాక్‌పీస్ తీసుకుంటూ. "కూసోండ్రి. తేల్చుకుందాం."