పైనీరు

నా భార్య నాంచారమ్మను చంపింది ఆమె తమ్ముడు అంకమ్మరావు. ఇందులో తేల్చవలసింది ఏమీ లేదు. ఎండదెబ్బ అని డాక్టరు రాసినా, కాలం తీరిందని ఊరు ఊరంతా చెప్పినా, సంగతి ఇదే. ఆ అంకమ్మరావు ఇప్పుడు మా దొరువు గట్టు మీద గొంతుక్కూర్చుని నా వైపు దోసిలి పట్టి ఉన్నాడు, పెద్దకర్మ ఇంకా కానివాడు, కాటికి మోసుకుపోయినప్పటి తెల్లగుడ్డలోనే ఉన్నాడు, పెదవులు ఉప్పుమడిలా పగిలి తెల్లబడి ఉన్నాయి.

"బావా, కాసిని నీళ్ళు పొయ్యి" అంటున్నాడు.

ఇది మా దొరువే, అయినా మా దొరువులా లేదు. సముద్రపొడ్డు ఇసకలో మనిషి లోతున తవ్విన గుంట అది, దిగడానికి ఇసకలోనే కోసిన మెట్లు, చుట్టూ మొగలి కంచె, అవతల కనకాంబరం మళ్ళు. ఇప్పుడా మెట్లు ఎంత దిగినా తరగడం లేదు, కంచె దగ్గరికి పోతే అది ఆసుపత్రి వరండా అవుతోంది, వెనక్కి తిరిగితే మళ్ళీ ఇసకే, ఆ ఇసక చివర సముద్రం నా కళ్ళ ఎత్తున గోడలా నిలబడి ఉంది, ఒక్క చుక్క కూడా ఇటు జారడం లేదు, అది నాకు వింతగానూ లేదు. అడుగున, చివరి మెట్టు మీద, నాంచారమ్మ వీపు మా వైపు పెట్టి కూర్చుని ఉంది. చేతిలో సొట్టపడిన ఇత్తడి ముంత. నీళ్ళు తేరుకునేదాకా ఆగుతోంది.

మా దొరువులో తాగేది పైనీరే. వాన ఇసకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంది. ముంత అంచు వాల్చి పైపైన తీసుకోవాలి, బిందె ముంచి కింది ఉప్పును పైకి లేపకూడదు, తీసినంత మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. మా అత్త ఈ పద్ధతి కూతురికీ నేర్పింది, కొడుక్కీ నేర్పింది. వాడు తెలియక చేసినవాడు కాదు.

"సముద్రమంతా నీదేగా, పైపేసి లాక్కున్నావు" అంటున్నాను. "పోయి తాగు."

"చచ్చినోడితో కూడా ఎటకారమేనా బావా?"

"మీ అక్క పోయాక, నువ్వు బతికున్నన్నాళ్ళూ నీతో ఆ మాత్రం కూడా మాట్లాడలేదు. సంతోషించు."

వాడు నవ్వుతున్నాడు. నవ్వినప్పుడు నోట్లోంచి ఉప్పు రాలి గుడ్డ మీద పడుతోంది, దాన్ని చేత్తో దులుపుకుంటున్నాడు, పెళ్ళిభోజనంలో మీద పడ్డ మెతుకులు దులుపుకున్నట్టు. నిజంగానే అవతల విస్తళ్ళు వేసి ఉన్నాయి, అది నా పెళ్ళి, నిక్కరు తొడుక్కున్న అంకమ్మరావు వాళ్ళక్క కొంగు పట్టుకుని వదలనని ఏడుస్తున్నాడు, అదే సమయంలో ముసలివాడై నా ఎదుటా కూర్చున్నాడు.

"నా కూతురు ఝాన్సీ నిన్న నీ దగ్గరికొచ్చింది గదా" అంటున్నాడు. "పెద్దకర్మకి వచ్చి నాకు నీళ్ళు వదలమని అడగటానికి. దాన్ని గుమ్మంలోనే నిలబెట్టావంట."

"కూర్చోమని నేను అనలేదు."

"నాకు కొడుకు లేడు. అల్లుడు వదుల్తాడు, ఆ నీళ్ళు నాకు గొంతు దిగవు. నీ చేతి నీళ్ళు పడితేనే దాహం తీరుద్ది. పోయేముందు ఇదే మాట చెప్పా దానికి."

"నువ్వు దొరువులో మోటారు దించిన రోజు నేనూ ఒక మాట చెప్పా. విన్నావా?"

మోటారు అన్న మాట నా నోటి నుంచి రాగానే మోటారు మోత మొదలవుతుంది, ఎక్కడుందో కనపడదు, కాళ్ళ కింద ఇసక సన్నగా అదురుతోంది.

"కాదన్నానా? పెట్టింది నేనే" అంటున్నాడు. "ఆ యేడు వాన మొహం చాటేసింది. వేరుశనగ ఊడలు దిగే అదును. ముంతతో తోడితే చేను తడుస్తదా? నీ చేను మాత్రం తడవలా ఆ నీళ్ళతో? గట్టు మీద నిలబడి పైపు పట్టుకుందెవరు?"

"నోర్ముయ్. పైపు నీదే."

"చెయ్యి?"

"నోర్ముయ్యమన్నానా."

కింది నుంచి నాంచారమ్మ, తల తిప్పకుండానే, "అరవబాకండి, నీళ్ళు కలకబారతయ్" అంటోంది. ఆ గొంతు విని ఇన్నేళ్ళయింది, అయినా ఆ మాట నాతో అన్నదో వాడితో అన్నదో తెలియడం లేదు. ఇద్దరం గొంతు తగ్గిస్తాం.

"మోటారు సరే" అంటున్నాను. "రొయ్యల గుంట సంగతేంది? ఉప్పునీళ్ళు తెచ్చి దొరువు పక్కనే నింపిందెవడు?"

"అప్పటికే దొరువు చచ్చింది గదా. చచ్చినదాని పక్కన గుంట తవ్వితే ఏం పోయింది?"

"మీ అక్క పోయింది."

నేను ఆపను. ఇన్నాళ్ళూ నాలో నేనే అనుకున్నదంతా వాడి మొహాన అంటున్నాను. "దొరువు ఉప్పయ్యాక ట్యాంకరే దిక్కయింది. అది రోడ్డు మీదే ఆగుతుంది. ఆ దారి పొడుగునా మన సరుగుడు తోట ఉండేది, ఆడాళ్ళు నీడన నడిచేవాళ్ళు. గుంట కోసం చెట్లన్నీ కొట్టించావు. రోహిణి కార్తెలో బిందె చంకన పెట్టుకుని ఆ ఎండలో పోయింది. నీడ ఉంటే ఇంటికొచ్చేది."

"ఆ ఎండ నేను తెచ్చానా బావా? ఆ యేడు దేశమంతా కాలిపోయింది."

"ఊరికొక అంకమ్మరావు ఉంటే దేశం కాలదా?"

ఇప్పుడు దారి కనిపిస్తోంది, చెట్లు లేని దారి, మొదళ్ళు మాత్రమే ఉన్న దారి, దాని మీద ఖాళీ ప్లాస్టిక్ బిందె ఒకటి తనంత తానే దొర్లుతోంది, గాలి లేకుండానే దొర్లుతోంది, దాని వెనక నేను పరిగెత్తుతున్నాను, పరిగెత్తి పరిగెత్తి చూస్తే దొరువు మెట్ల మీదే ఉన్నాను, నాంచారమ్మ పక్కన.

"నువ్వు చెప్పు నాంచారూ" అంటున్నాను. "నిన్ను చంపిందెవరు? వాడి ముందే చెప్పు."

ఆమె ముంత అంచు వాల్చి, అలికిడి లేకుండా, వాళ్ళమ్మ నేర్పినట్టే పైనీరు తీసుకుంటోంది. నిండాక నా చేతికిస్తోంది. ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. కాలుతున్నాయి. ఆ రోజు రోడ్డు మీంచి ఎత్తుకొచ్చినప్పుడు కాలినట్టే.

"వాడికి పొయ్యి. నీ చేత్తో."

"నేను అడిగిందానికి చెప్పు."

"వాడు ఆకలికీ తట్టుకోలేడు, దప్పికకీ తట్టుకోలేడు. చిన్నప్పట్నుంచీ అంతే. పొయ్యవయ్యా."

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తియ్యటి నీళ్ళని నాకు వాసన మీదే తెలుస్తోంది. అంకమ్మరావు దోసిలి నా ముందుకు వచ్చింది, గట్టు మీద ఉన్నవాడి చేతులు అంత కిందికి ఎలా వచ్చాయో, అవి నిక్కరు తొడుక్కున్న పిల్లవాడి చేతులు. నేను వాటి మీదుగా ముంత జరిపి, పక్కన ఇసకలోకి ఒంపేశాను. చివరి చుక్కదాకా ఒంపాను. వాడు వంగి తడి ఇసకకు నాలుక ఆనిస్తున్నాడు. నాంచారమ్మ నన్ను తిట్టదు.

"ఇక ఊరదు" అంటుంది, లేచి నీళ్ళలోకి దిగిపోతూ. నేను పిలుస్తున్నాను. మోటారు మోతలో నా గొంతు నాకే వినపడడం లేదు.

మెలకువ వచ్చింది. బయట ఆటో ఇంజను ఆగలేదు. తెల్లవారిపోయింది. మంచం మీంచి నా చెయ్యి కిందికి వేలాడుతోంది, వేళ్ళు తడిగా ఉన్నాయి. కింద ఇత్తడి ముంత బోర్లా పడి ఉంది.

ఆమె పోయిన నాటి నుంచీ రోజూ పొద్దువాలే వేళ దొరువుకు పోతాను. ముంత అంచు వాల్చి పైనీరు తెచ్చి మంచం పక్కన పెట్టుకుంటాను. పొద్దున లేవగానే రుచి చూస్తాను. నిన్నటి నీళ్ళు గచ్చంతా పారి ఉన్నాయి. వేళ్ళు నాలుకకు ఆనించాను. ఉప్పు.

ఝాన్సీ గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు.

"మామయ్యా, ఆటో తెచ్చా. వస్తావా?"

"రాను."

"ఒక్క చెంబు నీళ్ళు, మామయ్యా. అంతేగా."

"దొరువులో తీపినీళ్ళు పడిన రోజు కబురు చెయ్యి. వచ్చి వదులుతా."

ఆమె గచ్చు మీది తడిని, ముంతను, నన్ను చూసింది. "అంటే మా నాన్న ఎప్పటికీ దాహంతోనే ఉండాలన్నమాట."

"మీ అత్త కూడా అట్టాగే పోయింది."

ఆటో వెళ్ళిపోయింది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది, పొద్దు పొద్దున్నే చురుక్కుమంటోంది. గచ్చు ఆరిపోయింది. నీళ్ళు పారినంత మేరా తెల్లటి చార మిగిలింది. నేను దాన్ని తుడవలేదు.

చెప్పవలసింది చెప్పాను. ఇక ఈ సంగతి మీద ఎవరడిగినా, ఏ బంధువొచ్చినా, నాంచారమ్మే మళ్ళీ కలలోకి వచ్చి ముంత చేతికిచ్చినా, నేను నోరు విప్పను.