కింద నిలబడిన మనిషి

సూరమ్మ తాడును పక్కనున్న వేపమానుకు రెండు చుట్లు తిప్పి, కొసను తన నడుముకు బిగించి తల పైకెత్తింది. ఎత్తగానే మెడ వెనక నరం చివుక్కుమంది. ముప్పై రెండేళ్ళుగా ఎత్తుతున్న తల అది. ఈమధ్య పడుకున్నా ఆ మెడ తిన్నగా నిలవడం లేదు.

పైన నిద్రగన్నేరు చెట్టు పంగలో, పంగ మీదుగా వచ్చిన ఆ తాడు రెండో కొసను ఒంటికి కట్టుకుని కూర్చున్న ఆమె మొగుడు యెహెజ్కేలు తడి గోనెసంచిని నడుముకు కట్టుకుంటున్నాడు. సంచి నుంచి కారిన చుక్కలు ఆమె నుదుటి మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. తాడు పట్టుకున్నాక చెయ్యి వదిలే అలవాటు ఆమెకు లేదు.

కోరుకొండ పోయే దారిలో ఉన్న ఆ చిన్న బడి వెనకాల దూలగొండి తీగ ఒకటి మొలిచి, రెండేళ్ళలో ఆ నిద్రగన్నేరు చెట్టంతా అల్లుకుపోయింది. చలికాలం చివరికొచ్చేసరికి కాయలు ముదిరాయి. వంకర తిరిగిన గుత్తులు, వాటి మీద బంగారు రంగు నూగు. చూడటానికి పట్టులా ఉంటుంది. ఒంటిమీద పడితే మాత్రం మనిషిని నిలవనివ్వదు. ఆ నూగు గాలికి లేచి రేకుల షెడ్డులో కూర్చున్న పిల్లల మీద రాలుతోంది. వారం రోజులుగా పిల్లలు నెత్తురొచ్చేలా గోక్కుంటున్నారు. మిషను రంపం వాళ్ళు వచ్చారు కానీ, తీగను చూసి బండి కూడా దిగకుండా వెళ్ళిపోయారు. ఇవాళ రెండో శనివారం, సెలవు. హెడ్మాస్టరమ్మ కృపారాణి గారు తెల్లారకముందే వచ్చి గేటు తీశారు.

మొదలు నరికేస్తే చాలదు. తీగ ఎండేకొద్దీ నూగు మరింత రాలుతుంది. ముందు గుత్తులు కోసి తడిసంచిలో కుక్కాలి, ఆ తర్వాతే తీగ జోలికి పోవాలి. అదీ నూగును అణిచిపెట్టే మంచు ఆరకముందే.

"గాలెటుందే?" పైనుంచి అడిగాడు.

ఎదురింటి పొయ్యి పొగ ఎటు వాలుతోందో చూసింది సూరమ్మ. "తూరుపు నుంచి, మావా. నీ వీపుకే. ఇంక కానియ్. ముసుగు లాక్కో."

"లాక్కున్నాలే. ఊపిరాడట్లేదు దీంతో."

ఊపిరాడకపోవడం ముసుగు వల్ల కాదని ఆమెకు తెలుసు. ఇదివరకు ఒక్క ఊపులో ఎక్కే ఎత్తుకు ఇవాళ మూడుసార్లు ఆగాడు. అరవయ్యొకటి దాటింది. చెట్లెక్కడం మానెయ్యమని చెప్పి చెప్పి ఆమె నోరే అలిసిపోయింది. నూగు అంటకుండా చేతుల నిండా ఆముదం పూసుకుని అతను కొమ్మ మీద ముందుకు పాకుతుంటే, ఆమె జానెడు జానెడుగా తాడు వదులుతోంది.

పెళ్ళైన రెండో ఏడు, తాడు పట్టే మనిషి ఇటుకబట్టీలో పనికి పోతే, "ఈ ఒక్క రోజుకీ పట్టవే" అన్నాడు యెహెజ్కేలు. ఆ ఒక్క రోజు ఇంకా అవలేదు. కూతురు రెబెక్కా కడుపులో ఉన్నప్పుడూ పట్టింది. ఆ పిల్లకు పెళ్ళైన మర్నాడూ పట్టింది. అరచేతుల్లో గీతలు చెరిగిపోయి తాడు ఒరిపిడే మిగిలింది. చర్చిలో ప్రార్థనకు అందరూ తల వంచితే, ఆమె తల దానంతటదే పైకి లేస్తుంది. పక్కనున్నవాళ్ళు నవ్వుకునేవారు. ఇన్నేళ్ళలో ఒక్క చెట్టూ ఎక్కలేదు. ఏ చెట్టు పైనుంచి ఏం కనబడుతుందో సాయంత్రం అన్నం దగ్గర అతను చెబితే వినడమే.

తొమ్మిదయ్యేసరికి ఆరు సంచులు కిందికి దిగాయి. పై కొమ్మ చివర ఒక్క గుత్తి మిగిలింది. యెహెజ్కేలు అక్కడికి చేరి కత్తి చాచాడు. అప్పుడే ఎదురింటి పొగ ఇటు తిరిగింది. సూరమ్మ నోరు తెరిచేలోపే గుత్తి సంచి అంచుకు తగిలి, కొమ్మకు కొట్టుకుని చిట్లింది. ఎండలో బంగారు పొడి లేచినట్టయింది.

"సూరమ్మా..." మెల్లగా అన్నాడు. "కళ్ళలో పడిందే."

"రుద్దకు! చేతులు కొమ్మ మీంచి తియ్యకు!"

అతని వీపు మెలితిరిగిపోతోంది. దురద మెడ మీదికి, చెవుల్లోకి పాకుతోంది. గోక్కోవాలంటే చెయ్యి వదలాలి. వదిలితే జారతాడు. అంత దూరాన్నుంచి జారితే తాడుకు వేలాడి, ఊగి ఊగి మానుకు గుద్దుకుంటాడు. ఎలాగైనా పంగ దాకా వెనక్కి రావాలి.

కృపారాణి గారు పరిగెత్తుకొచ్చారు. "ఫైరింజనుకి ఫోన్ చెయ్యనా సూరమ్మా?"

"వద్దండి. బకెట్లతో నీళ్ళు పెట్టించండమ్మా, చాలు." తల దించలేదు. "మావా, నే చెప్తా. వెనక్కి జరుగు. కుడి మోకాలు. ఇంకాస్త. అక్కడ బొడిపె ఉంది, దాటించు. ఎడం చెయ్యి వెనక్కి తే... అది కాదు, అది ఎండుపుల్ల, వదిలెయ్. దాని కింద. ఆఁ, అదే."

"ఒళ్ళు మండిపోతందే."

"మండనీ. కుడి మోకాలు."

ఆ కొమ్మ మీది ప్రతి బొడిపా ఆమెకు కింది నుంచి తెలుసు. పదిహేను అడుగులు రావడానికి పావుగంట పట్టింది. పంగలోకి చేరాడని చూసి, "ఇంక వదిలేసుకో" అంది. అతను కళ్ళు మూసుకునే రెండు చేతులూ వదిలేశాడు. ఆ బరువంతా ఆమె అరచేతుల్లోకి వచ్చింది. తాడు చర్మం ఒలిచేస్తున్నా ఒక్కసారీ జారనివ్వకుండా దింపింది.

పంపు దగ్గర కూర్చోబెట్టి బకెట్ల మీద బకెట్లు పోశారు. అతను పై రెండు గుండీలు విప్పి, చొక్కాను తలమీంచి లాగి దూరంగా ప్రహరీ మీదికి విసిరేశాడు. కళ్ళు కడిగి, వీపుకు పేడ పట్టించింది సూరమ్మ. దద్దుర్లు రూపాయి బిళ్ళలంత లేచాయి. షెడ్డు గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. కృపారాణి గారు టీ తేవడానికి వెళ్ళారు.

"ఇవాళ పైనుంచి ఏం కనబడింది?" అతని పక్కన చతికిలబడుతూ అడిగింది.

"ఏం కనబడద్దే, నీ కేకలు తప్ప," అని నవ్వాడు. ఎడం జబ్బ ఒత్తుకున్నాడు. "సోమారం పిల్లలు కూచోవచ్చు గానీ... ఓసారి చూడవే, గుత్తి ఏదైనా మిగిలిందేమో."

సూరమ్మ తల ఎత్తింది. కొమ్మ కొమ్మా, రెమ్మ రెమ్మా, ఆకుల సందులన్నీ వెతికింది. తొందరపడలేదు. ఒక్కటి మిగిలినా సోమవారం మళ్ళీ మొదటికొస్తుంది.

"ఏం లేవు మావా. ఒక్కటీ లేదు."

అతను పలకలేదు. అలిసి కునుకు తీస్తున్నాడనుకుంది. కృపారాణి గారు టీ గ్లాసు చాచి, "యెహెజ్కేలు గారూ" అన్నారు. మళ్ళీ అన్నారు. అప్పుడు సూరమ్మ తల దించి చూసింది. అతని గడ్డం రొమ్ము మీదికి వాలి ఉంది. భుజం తడితే మనిషి మెల్లగా ఆమె ఒళ్ళోకి ఒరిగాడు. ఇన్నేళ్ళూ పైనుంచి పడతాడనే భయపడింది.

కబురు పంపితే ఆస్పత్రి నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టుకు చూసి, గుండె ఆగిందని చెప్పింది. చర్చి వాళ్ళు వచ్చారు. ఉతికిన తెల్లపంచె కప్పి మంచం మీద ఇంటికి మోసుకెళ్ళారు. సూరమ్మ ఏడవకుండా వెనకే నడిచింది.

సాయంత్రం బడి తాళం వేయబోతూ కృపారాణి గారు ప్రహరీ దగ్గర ఆగిపోయారు. గోడ మీది చొక్కాను తీద్దామంటే ముట్టుకునేది కాదు, కాలుద్దామంటే మనసు రాలేదు. పై రెండు గుండీలు తప్ప మిగతావన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉండి, చేతులు రెండూ గోడకు వేలాడేసుకుని, చొక్కా బంగారు నూగుతో మెరుస్తోంది.